160 మైళ్ళ దూరంలో ఉన్న మా తమ్ముణ్ణి చూసుకోవాల్సింది ఏ కౌన్సిల్?

పెద్దక్క

అందరికీ నమస్కారం. రాద్దామా వద్దా అని చాలా రోజులు ఆగి ఇవాళ రాస్తున్నాను. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మా తమ్ముడికి 31 ఏళ్ళు. ఆటిజం, దానితోపాటు లెర్నింగ్ డిజెబిలిటీ. మాటలు చాలా తక్కువ, ఉన్న ఆ నాలుగు మాటలూ తెలుగే. అమ్మానాన్నలు డెబ్బై దాటేదాకా ఇంట్లోనే చూసుకున్నారు, నాన్నకి గుండె ఆపరేషన్ అయ్యాక ఇక వాళ్ళ వల్ల కాలేదు. దగ్గర్లో ఎక్కడా ఖాళీ లేదని మా కౌన్సిల్ వాళ్ళు 160 మైళ్ళ దూరంలో, సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో, కేర్ హోమ్‌లో పెట్టారు. రెండేళ్ళయింది.

పోయిన నెల వెళ్ళాను. వాడికి గోడ మీద బొమ్మల టైమ్ టేబుల్ ఉండాలి, లేవగానే ఏంటి, ఆ తర్వాత ఏంటి అని చిన్న చిన్న కార్డులు వెల్క్రోతో అంటిస్తారు, అయిపోయిన పని కార్డు వాడే తీసి కింద సంచిలో వేస్తాడు. అది లేకపోతే వాడికి రోజు మొదలవదు. ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు నేనే లామినేషన్ చేయించి ఇచ్చాను. వెళ్ళి చూస్తే గోడ ఖాళీ. కార్డులన్నీ ఒక కవర్లో వేసి అల్మరా పైన పెట్టారు, కవరు మీద దుమ్ము. వాడి ప్యాంటు జారిపోతుంటే నడుము దగ్గర ముడేసి రబ్బరు బ్యాండ్ పెట్టారు. బరువు ఎంతుందని అడిగితే మిషన్ పాడైంది అన్నారు.

ఇంటికొచ్చి మా కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే "అక్కడి కౌన్సిల్‌ని అడగండి" అన్నారు. అక్కడికి చేస్తే "డబ్బు కట్టేది మీ కౌన్సిలే కదా" అన్నారు. పోయినేడాది రివ్యూ చేశామని ఒక లెటర్ వచ్చింది, తీరా కనుక్కుంటే అది మేనేజర్‌తో వీడియో కాల్, 25 నిమిషాలు. మా తమ్ముడు ఆ గదిలోనే లేడు. రెండేళ్ళలో సోషల్ వర్కర్లు నలుగురు మారారు, ఇప్పుడు పేరంటూ ఎవరూ లేరు, "డ్యూటీ టీమ్" అంటారు. అసలు వీడి బాధ్యత ఎవరిది? తెలిసినవాళ్ళు చెప్పండి, అమ్మకి ఈ విషయాలేవీ ఇంకా చెప్పలేదు.

వేపచెట్టు

అక్కా, చదువుతుంటే కడుపులో తిప్పినట్టయింది. ముందు ఒక పని చేయండి. ఆ రోజు చూసినవన్నీ, తేదీ, టైము, ఎవరితో మాట్లాడారు, వాళ్ళు ఏమన్నారు, అన్నీ ఇవాళే కాగితం మీద పెట్టండి. ఫోటోలు ఉంటే తేదీతో సేవ్ చేసుకోండి. మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు.

సరళరేఖ

నేను ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్‌లో అడల్ట్ సోషల్ కేర్‌లో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. పెద్దక్క గారూ, మీకు రెండు వైపులా సగం సగం నిజం చెప్పి పంపేశారు, అందుకే మీకు దారి దొరకలేదు.

ఇంగ్లండ్‌లో దీనికి చట్టం కేర్ యాక్ట్ 2014. అందులో 39వ సెక్షన్ ప్రకారం, కౌన్సిల్ తనే ఏర్పాటు చేసి వేరే ఊళ్ళో కేర్ హోమ్‌లోనో, సపోర్టెడ్ లివింగ్‌లోనో (తన ఇంట్లోనే సాయంతో ఉండటం), షేర్డ్ లైవ్స్‌లోనో (ఒక కుటుంబంతో కలిసి ఉండటం) పెడితే, ఆ మనిషి చట్టం దృష్టిలో ఇంకా పంపిన కౌన్సిల్ మనిషే. ఎన్నేళ్ళు అక్కడున్నా సరే. కేర్ ప్లాన్, డబ్బు, రివ్యూ అన్నీ పంపిన కౌన్సిల్ మీదే ఉంటాయి. రివ్యూ 27వ సెక్షన్. కొత్త ప్లాన్ మొదలైన 6 నుంచి 8 వారాల్లో ఒకసారి చూడాలి, ఆ తర్వాత 12 నెలలు దాటకుండా రివ్యూ జరగాలి అని ప్రభుత్వ గైడెన్స్. ఆ రివ్యూలో ఆ మనిషి కూడా ఉండాలి. మేనేజర్‌ని అడిగి రాసుకుంటే అది మేనేజర్ చెప్పిన కథ అవుతుంది, రివ్యూ కాదు.

ఇక రెండో వైపు. ఎవరైనా నిర్లక్ష్యానికో హింసకో గురవుతున్నారని అనుమానం వస్తే విచారణ బాధ్యత 42వ సెక్షన్ కింద ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడి కౌన్సిల్‌ది. ఎవరు పంపారు, ఎవరు డబ్బు కడుతున్నారు అన్నది అక్కడ లెక్కలోకి రాదు. బరువు తగ్గడం, బరువు చూడకపోవడం, రోజువారీ సపోర్ట్ ఆపేయడం, ఇవన్నీ నిర్లక్ష్యం కింద చెప్పదగ్గవే. కాబట్టి "డబ్బు కట్టేది మీ కౌన్సిలే" అని వాళ్ళు చెప్పిన జవాబు సేఫ్‌గార్డింగ్‌కి, అంటే ఈ రక్షణ బాధ్యతకి, చెల్లదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, అక్కడి కౌన్సిల్‌కి సేఫ్‌గార్డింగ్ రిఫరల్ రాతపూర్వకంగా పెట్టండి, "సేఫ్‌గార్డింగ్ కన్సర్న్" అనే మాట సబ్జెక్ట్‌లోనే ఉండాలి. దాని కాపీ మీ కౌన్సిల్‌కి కూడా పంపి, 27వ సెక్షన్ కింద వెంటనే మనిషిని కలిసి రివ్యూ చేయమని వేరే ఈమెయిల్‌లో అడగండి. రెండింటినీ ఒకే ఉత్తరంలో కలిపితే మళ్ళీ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

ఇంకోటి, మీ తమ్ముడికి డాల్స్ ఆథరైజేషన్ (మనిషి స్వేచ్ఛని పరిమితం చేసి ఉంచడానికి చట్టప్రకారం తీసుకునే అనుమతి) ఉందా? బయటికి ఒంటరిగా వెళ్ళనివ్వరు, ఎప్పుడూ ఎవరో ఒకరు చూస్తూ ఉంటారు, దానికి ఒప్పుకునే కెపాసిటీ ఆయనకి లేదు అంటే ఉండి తీరాలి. కేర్ హోమ్ అయితే అది ఇచ్చేది కూడా మీ కౌన్సిలే, గరిష్ఠంగా 12 నెలలకి.

గుంటూరోడు

నేను గుంటూరు నుంచి చదువుతున్నా. తప్పుగా అనుకోవద్దు, కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిదేనా? మున్సిపాలిటీ వాళ్ళు మనిషి సంరక్షణ కూడా చూస్తారా అక్కడ? మా పిన్ని కొడుక్కి ఇలాంటి సమస్యే ఉంది, ఇక్కడ కలెక్టర్ ఆఫీసులో గార్డియన్‌షిప్ కోసం తిరిగాం.

సరళరేఖ

గుంటూరోడు గారూ, ఎన్నికైన కౌన్సిలర్లు ఉంటారు, చెత్త, రోడ్లు కూడా చూస్తారు కాబట్టి అలా అనుకోవచ్చు. కానీ సాయం అవసరమైన, 18 దాటినవాళ్ళ సంరక్షణ ఇక్కడ కౌన్సిళ్ళకి చట్టం పెట్టిన బాధ్యత, కౌంటీలు ఉన్నచోట కౌంటీ కౌన్సిల్‌ది. చాలా కౌన్సిళ్ళ బడ్జెట్‌లో పెద్ద ముక్క దీనికే పోతుంది. మీరు తిరిగింది నేషనల్ ట్రస్ట్ యాక్ట్ 1999 కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ అయ్యుంటుంది. ఇక్కడ అలాంటిది కాదు. 18 దాటాక అమ్మానాన్నలకి కూడా తమంతట తామే నిర్ణయించే అధికారం ఉండదు, కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ అనే కోర్టు డెప్యూటీగా, అంటే ఆ మనిషి తరఫున నిర్ణయించేవాళ్ళుగా, నియమిస్తే తప్ప. ఇంటివాళ్ళ అభిప్రాయం మాత్రం అడగాలి, మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005లో అది రాసే ఉంది.

రాత్రి డ్యూటీ

నేను 2022 చివర్లో కేర్ వర్కర్ వీసా మీద వచ్చాను, మాది ఖమ్మం వైపు. ఇప్పటికి రెండు హోమ్‌లలో చేశాను. ఎక్కడన్నది చెప్పను, కానీ లోపలి నుంచి ఎలా ఉంటుందో చెప్తాను అక్కా, మీకు పనికొస్తుంది.

మొదట చేసిన హోమ్‌లో 9 మంది ఉండేవాళ్ళు, అయిదు వేర్వేరు కౌన్సిళ్ళు పంపినవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరి సోషల్ వర్కర్ అప్పుడప్పుడు దారిలో వెళ్తూ కూడా ఆగి పలకరించేది. మిగతా ఏడుగురికి అది లేదు. నేనున్న 15 నెలల్లో ఒకాయన కోసం బయటి మనిషి ఒక్కరు కూడా రాలేదు, ఇంటివాళ్ళూ లేరు, కౌన్సిలూ రాలేదు. ఆయన పుట్టినరోజుకి మేమే కేక్ తెచ్చాం. స్టాఫ్ తక్కువైన రోజు ముందు ఎవరి పని ఆగుతుందో తెలుసా అక్కా? ఎవరి కోసం అడిగేవాళ్ళు లేరో వాళ్ళది. అది ఎవరూ కావాలని చేసేది కాదు, చేతులు తక్కువైనప్పుడు అలా జరిగిపోతుంది, అదే నాకు ఎక్కువ బాధ.

విజిట్ అని ముందే చెప్తే రెండు రోజులు శుభ్రం చేస్తారు, ఫైళ్ళు సర్దుతారు, ఆ రోజు స్టాఫ్ నిండుగా ఉంటారు. మీ కౌన్సిల్ వాళ్ళు వస్తే ఫైలు మాత్రమే చూసి వెళ్ళనివ్వకండి. డైలీ నోట్స్ చూడమనండి, రోజూ ఒకే వాక్యం "తిన్నాడు, బాగున్నాడు, నిద్రపోయాడు" అని ఉంటే ఎవరూ చూడకుండా రాసిందే. మందుల చార్ట్‌లో "అవసరమైతే ఇవ్వాలి" అన్న మందులు ఎన్నిసార్లు ఇచ్చారో, ఏ టైముకి ఇచ్చారో చూడమనండి. రోజూ ఒకే టైముకి, స్టాఫ్ తక్కువున్న షిఫ్ట్‌లోనే ఇచ్చుంటే ఆలోచించాలి.

మేం ఎందుకు చెప్పం అని అడుగుతారు. మా వీసా ఆ యజమాని చేతిలో ఉంటుంది. స్పాన్సర్‌షిప్ పోతే హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) లెటర్ వచ్చాక మామూలుగా 60 రోజులు, ఆ లోపల ఇంకొకరు దొరకాలి. అప్పు చేసి వచ్చినవాళ్ళం. మార్చి 2024 తర్వాత వచ్చినవాళ్ళకి భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలు కూడా లేదు, ఇక్కడ ఒంటరిగా ఉంటూ ఎవరితో చెప్పుకుంటారు? నేను మాత్రం వెళ్ళిపోయే ముందు సీక్యూసీకి (కేర్ హోమ్‌లనీ ఆసుపత్రులనీ తనిఖీ చేసే సంస్థ) రాశాను, పేరు బయటపెట్టొద్దని చెప్పి. ముందే రాయాల్సింది.

పాత పేపర్లు

రాత్రి డ్యూటీ చెప్పిన "అడిగేవాళ్ళు లేనివాళ్ళు" అన్న మాట దగ్గరే నేనూ ఆగిపోయాను. ఎందుకంటే ఈ దేశంలో జరిగిన పెద్ద ఘోరాల్లో చాలావాటి వెనక అదే ఉంది.

బ్రిస్టల్ పక్కన హాంబ్రూక్‌లో వింటర్‌బోర్న్ వ్యూ అని ఒక ప్రైవేటు ఆసుపత్రి, 24 పడకలు, లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్నవాళ్ళకి. 2011 మే నెలలో బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమా రహస్య కెమెరాతో తీసింది చూపించింది, కొట్టడం, నేల మీద పడేసి నొక్కడం, చన్నీళ్ళు పోయడం. 11 మందికి శిక్షలు పడ్డాయి, ఆరుగురు జైలుకెళ్ళారు. ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు కట్టారు అక్కడ, ఎక్కువగా ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) డబ్బు. అంత డబ్బు కడుతూ, లోపల ఏం జరుగుతుందో చూడటానికి పంపినవాళ్ళు వెళ్ళలేదు. అక్కడ పనిచేసిన నర్సు ఒకరు ముందే యాజమాన్యానికీ సీక్యూసీకీ చెప్పినా పట్టించుకోలేదు, తప్పయిందని సీక్యూసీ తర్వాత ఒప్పుకుంది.

దానికంటే మన చర్చకి దగ్గరది సోమర్‌సెట్‌లోని మెండిప్ హౌస్. ఆరుగురు ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు, నడిపింది నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ అంతటి పేరున్న సంస్థ. వాళ్ళని హేళన చేయడం, ఒకరిని నాలుగు కాళ్ళ మీద పాకించడం, బయటికి తీసుకెళ్ళినప్పుడు స్టాఫ్ వాళ్ళ డబ్బుతో తినడం. 2016లో మూతపడింది, 2018లో మార్గరెట్ ఫ్లిన్ రాసిన సేఫ్‌గార్డింగ్ రివ్యూ వచ్చింది. వింటర్‌బోర్న్ మీద నివేదిక రాసింది కూడా ఆవిడే. వేర్వేరు కౌన్సిళ్ళు దూరం నుంచి మనుషుల్ని పంపి డబ్బు కడుతూ పోవడం, కళ్ళతో చూడకపోవడం ఆ నివేదికలో సూటిగా కనిపిస్తుంది. 2019లో డర్హమ్ కౌంటీలో వోర్ల్‌టన్ హాల్, మళ్ళీ పనోరమా కెమెరానే బయటపెట్టింది. ఎనిమిదేళ్ళ తేడాలో రెండుసార్లు ఒక టీవీ రిపోర్టర్ ఉద్యోగిగా చేరి చూపించాల్సి రావడం ఏంటి? డబ్బు కట్టేవాళ్ళ దగ్గర కారు లేదా, రైలు టికెట్ లేదా?

లెక్కలు

నేను ఇంకో కౌన్సిల్‌లో ఫైనాన్స్‌లో ఉంటాను. ఎవరి మీదా కోపం లేదు కానీ ఒక మాట. ఒక రివ్యూ కోసం 160 మైళ్ళు వెళ్ళి రావడం అంటే ఒక సోషల్ వర్కర్‌కి ఒక రోజంతా. ఆ రోజు ఇక్కడ ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ కావాల్సిన ముసలావిడ ఆగిపోతుంది. పోస్టులు ఖాళీగా ఉన్నాయి, మనుషులు దొరకడం లేదు. వీడియో కాల్ చేసేది బద్ధకంతో కాదు.

వేపచెట్టు

లెక్కలు గారూ, సిబ్బంది కొరత నిజమే, ఒప్పుకుంటాను. కానీ మాట్లాడలేని మనిషికి వీడియో కాల్‌లో ఏం తెలుస్తుంది? ప్యాంటుకి పెట్టిన రబ్బరు బ్యాండ్ కెమెరాలో కనిపించదు కదా.

సరళరేఖ

లెక్కలు గారి బాధ నాకు తెలుసు, నా టీమ్‌లోనూ అదే పరిస్థితి. కానీ పంపేటప్పుడే ఆ ప్రయాణాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. దూరంగా పెడుతున్నాం అంటే ఎక్కువసార్లు చూడాలి, తక్కువసార్లు కాదు, ఎందుకంటే అక్కడ ఇంటివాళ్ళు రోజూ వెళ్ళలేరు, ఇరుగుపొరుగు తెలియదు. వెళ్ళలేకపోతే అక్కడి కౌన్సిల్‌ని మన తరఫున చూసి రమ్మని కోరవచ్చు, బాధ్యత మాత్రం మనదే. ఇంకా సులువైనది ఒకటుంది, ఆ హోమ్‌లో వేరే కౌన్సిళ్ళ మనుషులు ఎవరున్నారో కనుక్కుని వాళ్ళతో ఒక్క ఫోన్ మాట్లాడటం. మేం ఒకసారి అలా మాట్లాడితే మూడు కౌన్సిళ్ళకి విడివిడిగా చిన్నగా కనిపించిన ఫిర్యాదులు కలిపి చూస్తే ఒకే మనిషి షిఫ్ట్‌లో జరిగినవని తేలింది.

తులసికోట

దూరం అంటేనే చెడ్డ అనుకోకండి, మా మామయ్య గారి సంగతి చెప్తాను. ఆయనకి డిమెన్షియా. ఇంగ్లీషు పూర్తిగా మర్చిపోయారు, ఏడేళ్ళ వయసులో బందరులో మాట్లాడిన తెలుగు మాత్రం మిగిలింది. ఉన్న ఊళ్ళో పెడితే ఎవరికీ అర్థం కాక "కోపిష్టి" అని రాశారు ఫైల్లో. ఆయన అడిగింది మజ్జిగ. మేం పట్టుబట్టి మా ఇంటి దగ్గరున్న, శాకాహారం వండే హోమ్‌కి మార్పించాం, అది వేరే కౌన్సిల్ పరిధి. తనకి నచ్చిన హోమ్ ఎంచుకునే హక్కు కేర్ యాక్ట్ 30వ సెక్షన్‌లో ఉంది, అవసరాలకి సరిపడి, ఖాళీ ఉండి, హోమ్ వాళ్ళు ఒప్పుకుంటే వేరే ఊరైనా సరే. పాత కౌన్సిలే కడుతోంది. వాళ్ళు ఏడాదికోసారి కూడా సరిగ్గా రారు, కానీ నేను రోజూ సాయంత్రం వెళ్తాను కాబట్టి నడుస్తోంది. పెద్దక్క గారి తమ్ముడి దగ్గర ఆ సాయంత్రం మనిషి లేరు. తేడా అంతా అక్కడే.

పాత పేపర్లు

కౌన్సిలర్లని కూడా వదలకండి. మీ వార్డు కౌన్సిలర్‌కి రాయండి, స్క్రూటినీ కమిటీ (కౌన్సిల్ పనిని కౌన్సిలర్లు పరిశీలించే కమిటీ) మీటింగులు ప్రజలకి తెరిచే ఉంటాయి, చాలాచోట్ల ప్రశ్న వేసే అవకాశం ఇస్తారు. ఎఫ్‌ఓఐ (ఇక్కడి సమాచార హక్కు చట్టం) కింద మూడే ప్రశ్నలు పెట్టండి: మన పరిధి బయట ఎంతమందిని ఉంచారు, వాళ్ళలో గత 12 నెలల్లో మనిషిని నేరుగా కలిసి రివ్యూ చేసింది ఎంతమందిని, సీక్యూసీ "ఇనడిక్వేట్" (అన్నిటికన్నా తక్కువ రేటింగ్) అన్న హోమ్‌లలో ఎంతమంది ఉన్నారు. 20 పనిదినాల్లో జవాబివ్వాలి. 2023 నుంచి సీక్యూసీ కౌన్సిళ్ళని కూడా తనిఖీ చేస్తోంది, ఆ రిపోర్టులు అందరూ చదవొచ్చు, మీ కౌన్సిల్‌ది వచ్చిందేమో చూడండి. ఒక్కరి కంప్లయింట్‌ని సీక్యూసీ పరిష్కరించదు, దానికి ముందు కౌన్సిల్‌కి ఫిర్యాదు, తేలకపోతే అంబుడ్స్‌మన్ (కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర వ్యవస్థ). విషయం తెలిసిన 12 నెలల లోపు వెళ్ళాలి. హోమ్ ప్రైవేటుది, మాకేం సంబంధం అని కౌన్సిల్ అంటే అంబుడ్స్‌మన్ ఒప్పుకోదు, కౌన్సిల్ తరఫున ఇచ్చిన సేవ కాబట్టి తప్పు కౌన్సిల్‌దే అంటుంది.

పెద్దక్క

అందరికీ పేరుపేరునా థాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

రెండు ఈమెయిళ్ళు సరళరేఖ గారు చెప్పినట్టే విడివిడిగా పెట్టాను. అక్కడి కౌన్సిల్ నుంచి మూడో రోజే ఫోన్ వచ్చింది, ఒకావిడ నేరుగా హోమ్‌కి వెళ్ళింది. మిషన్ ఒక్కరోజులో బాగయింది. వాడు రెండేళ్ళలో 11 కిలోలు తగ్గాడు. ఈ అంకె విన్నప్పుడు నేను బస్సులో ఉన్నాను, దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

డాల్స్ గడువు అయిపోయి అయిదు నెలలైందట, ఎవరూ రెన్యూ చేయలేదు. ఇప్పుడు కొత్తగా చేస్తూ నన్ను వాడి రిప్రజెంటేటివ్‌గా పెడుతున్నారు. ఇన్నాళ్ళూ "కాన్ఫిడెన్షియల్" అని చూపించని కాగితాలు అడిగే వీలు కొంత వచ్చింది. పోయిన శనివారం చెప్పకుండా వెళ్ళాను. కార్డులు గోడ మీద ఉన్నాయి, కానీ వరస తప్పు, స్నానం కంటే ముందు టిఫిన్ పెట్టారు. వాడే లేచి రెండు కార్డులూ పీకి మార్చి అంటించాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని "ఇంటికి" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. అమ్మకి ఆ రాత్రే అంతా చెప్పేశాను.

మా కౌన్సిల్ నుంచి కొత్త సోషల్ వర్కర్ వచ్చే 14న నేరుగా హోమ్‌కి వెళ్తోంది, నేనూ ఉంటాను. ఇంటికి గంట దూరంలో ఇంకో చోటు కూడా వెతుకుతామని రాతలో ఇచ్చారు. రాత్రి డ్యూటీ తమ్ముడూ, ఆ రోజు నేను అడగాల్సింది ఏమన్నా ఉంటే చెప్పు.

రాత్రి డ్యూటీ

అక్కా, పోయిన వారం రాత్రి రోటా (డ్యూటీ లిస్టు) అడగండి, ప్లాన్ చేసింది కాదు, నిజంగా వచ్చినవాళ్ళది. ఎంతమంది రెగ్యులర్, ఎంతమంది ఏజెన్సీ, మీ తమ్ముడి కార్డుల సంగతి వాళ్ళలో ఎవరికి తెలుసు అని. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి చూడండి. ఇంకా, పెరుగన్నం తీసుకెళ్ళండి, మేనేజర్ ముందే వాడికి పెట్టండి. వాడు ఎంత తింటాడో సోషల్ వర్కర్ కళ్ళతో చూడాలి.

తులసికోట

ఆ ఊరి దగ్గర్లో మా చెల్లెలి కుటుంబం ఉంటుంది, సముద్రం వైపే, ఇరవై నిమిషాల దూరం అనుకుంటా. మీకు, కౌన్సిల్‌కి అభ్యంతరం లేకపోతే ఆదివారాలు వెళ్ళి కూర్చుంటుంది, అడిగాను, సరే అంది. ప్రైవేట్ మెసేజ్ పెట్టాను, చూడండి.

పెద్దక్క

చూశాను అక్కా. 14న ఆవిడ పేరు విజిటర్ల లిస్టులో రాయిస్తాను.